ముందుచక్రపు సంచులు

ఈ మాసము మన శీర్షికకు వచ్చిన జాబులలో విజయనగరమునుండి ఒక సోదరి వ్రాసినదానిని మొదట తీసికొనుచున్నాను. ఆమె కుమార్తెయు, మరి ముగ్గురు స్నేహితురాండ్రును రానున్న డిసెంబరులో విశాఖపట్టణమునుండి అరకులోయకు సైకిళ్ళపై పోవ నిశ్చయించిరట. రెండు రాత్రులు గుడారములో బస. ఆ అమ్మాయి తన సైకిలు ఫోర్కునకు, అనగా ముందుచక్రమును ఇరుప్రక్కల పట్టియుండు రెండు కాళ్ళకు, తగిలించు సంచులజతను కొనిపెట్టుమని కోరుచున్నది. “వెనుక క్యారియరుండగా ఈ వింత యేల? ముందుచక్రమునకు బరువు కట్టినచో పిల్ల పడదా?” అని తల్లి యడుగుచున్నది. మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. రెండవది మాత్రము నిజముగా ఆలోచింపదగినది.

క్యారియరు చెడ్డదని యెవరును అనరు. మంచి తారురోడ్డుపై దానికి సాటి లేదు. కాని రాళ్ళబాటలలో క్యారియరు మరలు అదరి వదులగును, ఒక్కొక్కప్పుడు దాని కడ్డీయే విరుగును. వెనుక ఇరుప్రక్కల వ్రేలాడు పెద్దసంచులు ఇరుకుదారిలో పొదలకు తగులును. అందుచేత కొంతకాలముగా దూరప్రయాణికులు సామానును చిన్నచిన్న సంచులుగా విభజించి సైకిలు దేహమునకే కట్టుకొనుచున్నారు. హ్యాండిలు ముందొకటి, ఫ్రేము నడిమి ముక్కోణములో నొకటి, సీటు వెనుక నొకటి. ఈ పద్ధతికే బైక్‌ప్యాకింగని పేరు. ఈ మూడును నిండిన పిమ్మట మిగిలిన చోటు ఫోర్కు. పొడుగైన పురుషులకు రెండురాత్రుల ప్రయాణమున దాని అవసరమే రాకపోవచ్చును.

మన పిల్లల సంగతి వేరు. అయిదడుగుల అమ్మాయికి సరిపోవు సైకిలులో ఫ్రేము ముక్కోణము మిక్కిలి చిన్నది; నీళ్ళసీసా పెట్టినచో అక్కడ సంచికి చోటుండదు. లేడీస్ సైకిలులో నైతే ముక్కోణమే లేదు. సీటు క్రిందికి దిగియుండుటచే సీటుకును వెనుకచక్రమునకును నడుమ జానెడైనను దొరకదు. అక్కడ పెద్దసంచి కట్టినచో టైరు దానిని రాచి రాచి చిల్లుచేయును. హ్యాండిలు క్రిందను అట్లే. పొడుగువారికొరకు కుట్టిన సంచులను కొనితెచ్చుకొని, అవి పట్టక, చివరకు బరువంతయు వీపున మోసికొని నడుము పట్టుకొనిపోయిన పిల్లలెందరో. ఫోర్కు కాళ్ళప్రక్కనున్న చోటు మాత్రము పొట్టివారికిని పొడుగువారికిని ఇంచుమించు సమానమే. కావున, అమ్మా, మీ అమ్మాయి కోరిక వేషము కాదు. ఆమె ఎత్తునకు తగిన ఆలోచనయే.

అయినను సంచిని చూచుటకు ముందు ఫోర్కును చూడవలెను. దుకాణములో బొమ్మలు చూచి సంచి కొని, ఇంటికి వచ్చిన తరువాత తగిలించుటకు చోటులేదని చింతించుట సామాన్యముగా జరుగుచున్నది. ఫోర్కు కాళ్ళ వెలుపలి ప్రక్కను చేతితో తడిమి చూడుడు. దూరప్రయాణమునకై చేసిన సైకిళ్ళలో ఒక్కొక్క కాలికి మూడేసి మరరంధ్రములుండును. రంధ్రమునకు రంధ్రమునకు నడుమ దూరము 64 మిల్లీమీటర్లు. నీళ్ళసీసా పట్టునకుండు కొలతయే యిది. అవి యున్నచో పని సగము తీరినది. వానికి బిగించుటకు దుకాణములలో కార్గో కేజ్ అను చిన్న లోహపు పట్టు దొరకును.

రంధ్రములు లేనిచో తొందరపడరాదు. మన బజారులలోని గేరుసైకిళ్ళకు చాలవానికి స్ప్రింగు ఫోర్కులుండును. దాని పైభాగమున మెరయు గొట్టము లోపలికి జారుచు వచ్చుచుండును. ఆ మెరుగు గొట్టమునకు ఏమియు కట్టరాదు. క్రింది లావుపాటి కాలికి, తయారుచేసినవారు అంగీకరించినచో, రబ్బరుముక్క చుట్టి హోస్ క్లిప్పులతో పట్టును బిగింపవచ్చును. పిమ్మట బరువంతయు వేసి హ్యాండిలును అణచి చూడవలెను. ఫోర్కు కుదించుకొనినప్పుడు సంచి పైనున్న హ్యాండిలుసంచికిగాని, ఫ్రేమునకుగాని తగిలినచో ఆ యేర్పాటు పనికిరాదు. ఇక కార్బను ఫోర్కు. రంధ్రములు లేని కార్బనుకాలికి క్లిప్పు బిగించుట నాకు సమ్మతము కాదు. ఇనుము వంగి ముందుగా హెచ్చరించును. కార్బను పగిలినప్పుడు చెప్పక పగులును.

బరువు విషయమున తయారీదారులలో అనేకులు ఒక్కొక్క ప్రక్కకు సుమారు 3 కిలోల హద్దును విధింతురు. కొందరిది తక్కువ, కొందరిది ఎక్కువ. ఫోర్కునకొక హద్దు, పట్టునకొక హద్దు వ్రాసియున్నచో రెండింటిలో తక్కువదానినే పాటింపవలెను. ఈ లెక్కలో సంచి బరువును, పట్టు బరువును చేరియుండును. నీళ్ళు లీటరొక్కంటికి కిలో. రెండు లీటర్ల సీసా పెట్టగానే హద్దులో మూడింట రెండువంతులు పోయినది. వంటయింటి త్రాసు ఇక్కడ బాగుగా పనికివచ్చును. కుడియెడమలు సమానముగా తూగవలెను. ఒకప్రక్క బరువెక్కువైనచో హ్యాండిలు అటే లాగుచుండును. సాయంకాలమునకు భుజములు నొప్పియెత్తును.

ఇక తల్లి భయపడిన విషయము. ముందుచక్రమునకు బరువు కట్టుటచేతనే పిల్ల పడిపోదు. సమముగా, హద్దులోనున్న బరువు హ్యాండిలును కొంత మందముగా త్రిప్పునట్లు చేయునే కాని పడవేయదు, అరగంటలో అలవాటగును. అపాయమంతయు సంచిని పట్టియుంచు పట్టీలలో నున్నది. మోటారుసైకిలు వెనుక కూర్చున్న స్త్రీ కొంగు చక్రములో చిక్కుకొనినచో ఏమగునో మనకు తెలియనిది కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు వెనుకచక్రమున సగమునకు తక్కువకాకుండ కప్పు అడ్డు నుంచవలెనని విధించినది అందుకే. సైకిలు ముందుచక్రమునకు అట్టి అడ్డేదియు లేదు. సంచికి కట్టిన పట్టీకొస నాలుగంగుళములు వ్రేలాడుచున్నదనుకొనుడు. ఘాటు దిగునప్పుడు గంటకు 40 కిలోమీటర్ల వేగమున ఆ చక్రము సెకనుకు అయిదు చుట్లు తిరుగును. కొస చువ్వలలో పడినచో సంచిని కూడ లోనికి లాగికొని, ఫోర్కునకు తగిలి చక్రము నిలిచిపోవును. సైకిలు నిలిచినను మనిషి నిలువదు. హ్యాండిలుమీదుగా ముందుకు పడును. దీనిని చెప్పి మిమ్ములను బెదరించుట నా యుద్దేశము కాదు. కాని సంచి రంగునకును, జేబులకును, పేరునకును ముందు పరీక్షింపవలసినది ఇదియే.

కావున సంచికి రెండు పట్టీలైనను ఉండవలెను, ఒకటి తెగినను రెండవది పట్టియుండుటకు. సాగి వదులగు నైలానుకంటె లోహపు కొక్కెము గల గట్టి ప్లాస్టిక్ పట్టీ మేలు. కొక్కెము చక్రమువైపు కాక వెలుపలికి రావలెను. కొసను మడిచి పట్టీ క్రిందికే దోపవలెను. మిక్కిలి పొడవైనచో నిర్దాక్షిణ్యముగా కత్తిరింపవలెను. సంచి క్రిందికి జారకుండ పట్టునకు అడుగున చిన్న పీటవంటి అంచున్నదో లేదో చూడుడు. ముందు డిస్కుబ్రేకు సాధారణముగా ఎడమకాలిపై ఉండును. ఘాటులో ఆ బిళ్ళ కాగిపోవును. సంచి దానిని తాకరాదు, బ్రేకుతీగె పట్టీక్రింద నలుగరాదు.

పట్టునకు కట్టెడు సాదాసంచి మంచిదా, తనంతట తానే కొక్కెమునకు చేరి ఒక మీటతో ఊడివచ్చు సంచి మంచిదా అని కొందరడుగుదురు. రెండవది సుఖమైనది, రాత్రి గుడారములోనికి తీసికొనిపోవుట క్షణములో పని. కాని దాని కొక్కెము విరిగినచో అడవిదారిలో దానికి ప్రతి దొరకదు. సాదాసంచి పట్టీ తెగినచో పాతట్యూబు ముక్కతోనైనను కట్టుకొనవచ్చును. తొలిప్రయాణమునకు నేను సాదాదానినే కొనుమందును. వెలయును తక్కువ.

సంచి మూడునుండి ఆరు లీటర్ల లోపుండిన చాలును. పెద్దదైనచో నింపవలెనను ఆశ పుట్టును. బీరువాలో ఖాళీ అర కనబడిన మనమేమి చేయుదుమో ఎరుగమా! లావు సంచి హ్యాండిలు త్రిప్పినప్పుడు పాదమునకు తగులును. ముందుచక్రము చిమ్ము బురదయంతయు దీనిపైననే పడును గనుక మూతి చుట్టచుట్టి మూయునదియై, అతుకులు కుట్టుకాక వేడితో అతికినవైనచో మేలు. నీరు దూరదని చీటీపై వ్రాసినదానిని నమ్మనక్కరలేదు. గాలినింపి మూతిచుట్టి బక్కెటనీటిలో ముంచి నొక్కుడు; బుడగలు వచ్చినచోటనే వానయు దూరును.

అరకు డిసెంబరు చలికి పేరుపొందినది. ఉన్నిబట్టలు, పరుపుసంచి తప్పవు. ఇవి చోటెక్కువ, బరువు తక్కువ గనుక ఫోర్కునకు సరిగా అమరును. ఎండినబట్టలను అదనముగా ఒక పాలిథీన్ కవరులో చుట్టుట మంచిది. తిండిపదార్థములు, గుడారపు మేకులు కూడ నిందు పెట్టవచ్చును. ఫోను, డబ్బు, మందులు, కండ్లద్దాలు మాత్రము వద్దు. చక్రమునకు అంత దగ్గరగా ఏ స్ప్రింగును లేక అదరుచోటది. సంచిలో సామాను కదలకుండ బిగువుగా సర్దవలెను. అది లోపల గలగలలాడినచో పట్టీ తప్పక వదులగును.

“నలుగురాడపిల్లలే పోవుటయా?” యని జాబు చివర నొక వాక్యమున్నది. అది సంచుల ప్రశ్న కాదు, ఇంటివారు తేల్చుకొనవలసినది. అయినను 2018లో పూణె యువతి వేదాంగి కులకర్ణి యిరువదియేండ్ల వయస్సున సైకిలుపై ప్రపంచము చుట్టివచ్చినదని మాత్రము ఇంటివారికి జ్ఞాపకము చేయుచున్నాను. 2024లో అమెరికాకు చెందిన లేల్ విల్‌కాక్స్ ఆ పనినే 109 దినములలోపల ముగించెను.

విశాఖనుండి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటిన పిమ్మట అనంతగిరి ఘాటు ఎక్కుడు. ఎక్కునప్పుడు వేగముండదు గనుక ఏ లోపమున్నను బయటపడదు; తిరుగుదిగుడులోనే బయటపడును. అందుచేత ప్రయాణమునకు రెండువారములు ముందుగానే సంచులు నింపి, ఊరిదగ్గర ఏదైన ఏటవాలుదారిలో పది కిలోమీటర్లు తొక్కి చూడవలెను. పది కిలోమీటర్ల తరువాత ఆలెన్ కీ తీసికొని మరలను తిరిగి చూచినచో ఒకటైనను వదులై యుండుట మామూలు. మరలు చిన్నవి; బలమంతయు ఉపయోగించి బిగించినచో ఫోర్కులోని మరచుట్టు చెడును. అరకునుండి దిగునాడు ఘాటు మొదట ఒక్క అయిదునిమిషములు ఆగి, నలుగురును ఒకరి సైకిలు నొకరు చూడవలెను. తన పట్టీకొస తనకు కనబడదు, ప్రక్కదానికి కనబడును.