ఉద్దానం: డయాలసిస్‌కు ముందు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మనుషుల్ని తినేయడం మొదలై పాతికేళ్లు దాటింది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి మంచినీళ్లు వచ్చాయి. మంచి పనులే. కానీ నీళ్లు అనుమానాల్లో ఒకదానికే జవాబు. ఇక డయాలసిస్ కుర్చీ మూత్రపిండాలు చేతులెత్తేశాక ఎక్కేది. వారానికి మూడుసార్లు, పూటకు నాలుగేసి గంటలు దాని మీద గడపాలి. అంతకుముందు పదేళ్ల సంగతేమిటి?

కిడ్నీ దెబ్బతినడం రెండు రకాలంటారు. వాంతులు, విరేచనాలు, పాముకాటు, ఎలుక జ్వరం వంటివాటితో గంటల్లోనో రోజుల్లోనో వచ్చేది ఒకటి. మూత్రం తగ్గిపోతుంది, వేళకు వైద్యం అందితే చాలామంది కోలుకుంటారు. మూడు నెలలు దాటినా తగ్గక లోలోపల ముదిరేది రెండోది. దీనికి ఎక్కువగా షుగరు, బీపీలే మూలం. రెంటికీ సంబంధం లేదనుకోవడం పొరపాటు. కోలుకున్నట్టు కనిపించే ప్రతి దెబ్బా దీర్ఘకాలిక జబ్బుకు దారిని కొంత సుగమం చేస్తుంది.

ఉద్దానం రోగుల్లో చాలామందికి షుగరూ ఉండదు, మొదట్లో బీపీ కూడా పెద్దగా ఉండదు. మూత్రంలో ప్రొటీన్ తక్కువే పోతుంది కాబట్టి పట్టీ పరీక్షకు దొరకరు. పోనీ రక్తంలో క్రియాటినిన్? దాదాపు సగం సామర్థ్యం పోయేదాకా అది పెరిగినట్టే కనిపించకపోవచ్చు. ల్యాబు చీటీలో 1.1 ఉందనుకోండి. పాతికేళ్ల కుర్రాడికి అది నిక్షేపమైన అంకె. అరవయ్యేళ్ల ఆడమనిషికైతే, దాన్నుంచి మూత్రపిండాల వడపోత సామర్థ్యం (ఈజీఎఫ్ఆర్) లెక్కకడితే 60 కంటే తక్కువ వస్తుంది. మూడు నెలల తర్వాతా అలాగే ఉంటే ఆమెకు జబ్బున్నట్టే. కానీ చీటీలో ఎర్రగీత పడదు, 'నార్మలే' అని ఇంటికి పంపేస్తారు.

నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కోత కూలీల్లోనూ, శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరి రైతుల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. ఎండలో ఒళ్లు గుల్లయ్యేలా పనిచేసి, నీళ్లు చాలక, రోజూ చిన్న చిన్న దెబ్బలు తిన్న మూత్రపిండం చివరకు మచ్చగట్టిపోతుందన్నది ఒక బలమైన వాదన. నికరాగువాలో ఒక చక్కెర మిల్లు నీడ, విరామం, నీళ్లు పక్కాగా ఏర్పాటు చేశాక కూలీల్లో ఆ దెబ్బలు తగ్గాయి. ఉద్దానంలోనూ ఇదే కారణమని తీర్పు చెప్పలేం, నీటినీ పురుగుమందులనూ నిర్దోషులని వదిలేయలేం. అయినా ఇక్కడి జీడిపిక్కల కోత ఎండాకాలపు పనే. సాయంత్రానికి ఒళ్లు నొప్పులు, ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్ మాత్ర. ఒంట్లో నీరు ఇంకిపోయి ఉన్నప్పుడు ఆ మాత్ర మూత్రపిండానికి తగినంత రక్తం అందనివ్వదు. కారణం తేలేదాకా ఆగకుండా మానిపించగలిగిన అలవాటిది.

మిగిలినవీ శంకుస్థాపన అక్కర్లేని పనులే. ప్రతి ల్యాబు చీటీ మీదా క్రియాటినిన్ పక్కన వడపోత సామర్థ్యం అచ్చువేయించాలి. పెద్దలందరికీ ఏటా రక్తపరీక్ష చేసి, నిరుటి అంకెతో పోల్చాలి. వాంతులు, విరేచనాలతో కిడ్నీ దెబ్బతిని, సెలైన్ ఎక్కించుకుని ఇంటికొచ్చిన మనిషిని మూడు నెలలకు మళ్లీ పిలిచి చూడాలి. ఆ పిలుపు బాధ్యత ఏఎన్ఎందా, పీహెచ్‌సీ డాక్టరుదా అన్నది కాగితం మీద రాసి పెట్టాలి.