డాలరు పెరిగితే లాభం ఎవరికి?

డాలరు ధర పెరిగిందనగానే "ఎగుమతిదారులకు ఇక పండగే" అంటారు. అందులో నిజం సగమే. రైతు సోదరులకు ఈ లెక్క తేలిగ్గా బోధపడేది హైదరాబాదు పాతబస్తీలో, పత్తర్‌గట్టి ముత్యాల దుకాణాల దగ్గర.

హైదరాబాదు ముత్యం అని పేరేగానీ అది ఇక్కడ పండదు. సముద్రమెక్కడ, మనమెక్కడ! ఒకప్పుడు బస్రా నుంచి వచ్చేది, ఆ తర్వాత ఎక్కువగా చైనా నుంచి. రంధ్రం వేయడం, మెరుగు పెట్టడం, ఏరి దండ గుచ్చడం ఇక్కడి పని.

ఉదాహరణకు 70 డాలర్లకు ముత్యాలు తెప్పించి, పని చేయించి, 100 డాలర్లకు అమ్మారనుకోండి. డాలరు 20 రూపాయలున్నప్పుడు పెట్టుబడి 1400, రాబడి 2000. డాలరు 25 అయితే రాబడి 2500. అబ్బో అనుకుంటాం. కానీ పెట్టుబడీ 1750 అయి కూర్చుంటుంది. పెరిగిన 500లో 350 ముత్యాల కొనుగోలుకే పోయె! అదే లాడ్‌బజారు లక్క గాజులైతే లక్క మన దేశపు అడవులదే, కాబట్టి ఎగుమతి చేసినవాడికి మిగులు ఎక్కువ.

మనకూ ఇంతే. 1991 జూలైలో ప్రభుత్వం రెండు దఫాలుగా రూపాయి విలువ తగ్గిస్తే, 21 రూపాయల డాలరు 26 దగ్గరకు చేరింది. మర్నాటి ఏడు ఆగస్టులో డీఏపీ, పొటాష్ ధరలపై కంట్రోలు ఎత్తేశారు. పొటాష్ పూర్తిగా బయటిదే, డీఏపీ చాలామటుకు బయటిదే. డాలరు పెరిగిన సంగతి ఎరువుల కొట్టుకు ముందు తెలుస్తుంది, మార్కెట్ యార్డుకు ఆఖరున తెలుస్తుంది. ఇది నా అభిప్రాయమే, మీ అనుభవం ఏమంటుందో చూసుకోండి.

చైనా కూడా 1994 జనవరిలో తన యువాన్‌ను డాలరుకు 5.8 నుంచి 8.7కు దించింది. అయితే వాళ్ల ముత్యం లోకమంతా పాకింది ఒక్క దానివల్లే కాదు. జూజీ ప్రాంతంలో మంచినీటి చెరువుల్లో దాన్ని పెంచేది మనబోటి రైతులే. ఒక్కో ఆల్చిప్పలో పదుల ముత్యాలు తీయడం నేర్చారు. దిగుబడి అంటే అదీ.

మన మిర్చి సంగతి చూడండి. నేల మీద ఎండబోస్తే తేమకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ విషం చేరుతుంది, ఓడెక్కిన సరుకు కూడా తిరిగొస్తుంది. డాలరు ఎంతుంటేనేం? మార్కెట్ కమిటీలు సెస్సు వసూలు చేస్తున్నప్పుడు సిమెంటు కల్లాలు, టార్పాలిన్లు అడగడంలో తప్పేముంది?