మా సినిమాలో గిరిజనులు కనిపించలేదట!

  

 పోస్టు జర పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మొన్న ఒక పోటీకి మా షార్ట్ ఫిలిం పంపినం. పదకొండు నిమిషాల సినిమా. చూసిన జడ్జి ఒక్కటే మాట అన్నడు: "బాగుంది గానీ బాబూ, ఇందులో గిరిజనులు ఎక్కడున్నరు?"

తీసిన ఐదుగురం తండా పిల్లలమే. మాట్లాడింది గోర్ బోలి. నటించింది మావాళ్ళే. మరి ఆయనకెందుకు కనిపించలేదు? అద్దాల పేటియా లేదు, గజ్జెలు లేవు, అడవి లేదు, మంట చుట్టూ డాన్స్ లేదు. నైలాన్ చీర కట్టిన యాడి ఉంది. స్కూల్ డ్రెస్ మీద నాన్న పాత చొక్కా తొడుక్కున్న బిడ్డ ఉంది. అంతే, ఆయన లెక్కలో వాళ్ళు గిరిజనులు కారు!

మేము షూటింగ్ చేసింది ఆలంపూర్ దగ్గర సీడ్ పత్తి చేలల్లో. ఆలంపూర్ అనగానే కెమెరాలన్నీ నవబ్రహ్మ గుళ్ళ వైపు తిరుగుతయి. అబద్ధమెందుకు, మాకూ ఆశ పుట్టింది, బాలబ్రహ్మ గుడి ముందు ఒక షాట్ పెడదామని. శ్రీశైలం ముంపులో పోకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన ఊరు ఇది. రాళ్ళ మీద అంత శ్రద్ధ మంచిదే. చేలల్లో వంగిన పిల్లల మీద ఆ శ్రద్ధ ఏది? గుడి షాట్ తీసేసినం.

సీడ్ పత్తి పని తెలియనోళ్ళకు చెప్తున్నం. సాయంత్రం ఆడ సాళ్ళల్లో తెల్లారి విచ్చుకునే మొగ్గలు వెతికి, లోపలి మగ భాగం గిల్లి తీసేయాలి. పొద్దున మగ సాళ్ళ పువ్వులు తెంపుకొచ్చి, ఆ మొగ్గలకు ఒక్కొక్కటిగా రుద్దాలి. దాన్నే క్రాసింగ్ అంటరు. సీజన్ నడిచినన్ని రోజులు ఇదే పని. చిన్న వేళ్ళయితే మొగ్గ చెడదని సాకు చెప్తరు. అసలు సంగతి, చిన్నోళ్ళకు కూలి తక్కువ. పైగా అమ్మానాన్నలు ముందే అడ్వాన్స్ తీసుకుని ఉంటరు.

2016లో చట్టం సవరించిన్రు. పద్నాలుగేండ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోవద్దు. కానీ బడి అయినంక ఇంటోళ్ళకు సాయం చెయ్యొచ్చట! ఆ సందులోంచే బండి పోతుంది. ఎవరు అడిగినా ఒకటే జవాబు: "మా చుట్టాల పిల్లే సార్."

మేము పిల్లలతో ఆ పని చేయించలేదు. బిడ్డ వేషం వేసింది డిగ్రీ చదివే మా చెల్లె. చిన్నప్పుడు నాలుగు సీజన్లు క్రాసింగ్ చేసింది. ఆమెకు డైరెక్టర్ ఏమీ చెప్పలేదు. ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసేలోపే ఆమె వేళ్ళు మొగ్గ గిల్లేసినయి. మాలో ఎవ్వరం "కట్" అనలేకపోయినం. ఆ చేతుల్లో గిరిజనం కనిపించనోనికి ఎన్ని అద్దాలు కుట్టి చూపించినా ఏం లాభం?

ఇది ఒక్క జడ్జి తప్పు కాదు. తెలుగు సినిమా ఎన్నేండ్లుగా మనకు ఆకులు చుట్టి, మొఖాలకు రంగు పూసి, అర్థం లేని కూతలు కూయించిందో మీకు తెలుసు. కొమురం భీం మీద 1990లో తీసిన సినిమా 2010లో గానీ థియేటర్లకు రాలేదు. మన వేషానికి గిరాకీ ఉంది. మన బతుక్కే లేదు.

ఇంకో చేదు మాట. మనమూ తక్కువోళ్ళం కాదు. ఆగస్టు 9 వస్తే డాన్స్ వీడియోలకు చప్పట్లు కొడతం. కూలి గురించి పోస్టు పెడితే చూసి పక్కకు జరుగుతం. మా టీంలోనే ఒక తమ్ముడు అన్నడు: "పేటియా వేయించి రెండు సీన్లు మళ్ళీ తీద్దాం, ప్రైజ్ వస్తది." రాత్రంతా కొట్లాడుకున్నం. పేటియా, కాంచళి మాకు గౌరవం. తీజ్ పండుగ తీసేటప్పుడు కచ్చితంగా పెడతం. మార్కుల కోసం మాత్రం మా యాడికి తొడగం. పొద్దునకు ఆ తమ్ముడే ఆ మాట వెనక్కి తీసుకున్నడు.

అందుకే మీకు చెప్పేది. ఫోన్ ఉంది, నలుగురు దోస్తులున్నరు, చాలు. మీ భాషలో తీయండి, కింద తెలుగు అక్షరాలు వేయండి. నటించినోళ్ళకు కనీసం ఆ రోజు కూలి ఇవ్వండి. తీసినంక ముందు తండాలో, గూడెంలో, పెంటలో గోడ మీద వేసి చూపించండి. "ఇది మనమే" అని అవ్వ ఒక్కమాట అంటే, అదే మన ప్రైజ్.

మా సినిమాను మొదట తండాలోనే వేసినం. సినిమా అయిపోయినంక ఒకాయన లేచి, "వచ్చే సీజన్‌కు నా బిడ్డను పంపను" అన్నడు. ఆయనకు మా సినిమాలో గిరిజనులు కనిపించిన్రు.