జడ్జీల ఎన్నికలపై టెక్సాస్ తెలుగు ఓటర్ల ప్రణాళిక

హ్యూస్టన్‌లో ఓటేసే తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. ప్రెసిడెంటు, సెనేటరు పేర్లు దాటాక జడ్జీల పేర్లు మొదలవుతాయి, ఓ పట్టాన తెమలవు. ఎవరు ఎలాంటి తీర్పులిచ్చారో తెలియదు. పక్కనున్న పార్టీ పేరు చూసి నొక్కేసి బయటపడతాం. 2018లో హారిస్ కౌంటీ మొత్తానికి జరిగిన జడ్జీల పోటీలన్నీ డెమొక్రాట్లే ఊడ్చేశారు. ఓడినవాళ్ళలో సమర్థులు లేరా అంటే ఉన్నారు. ఓటు పడింది పనితనానికి కాదు, అంతే.

దీన్ని మించింది తర్వాత జరిగింది. రాష్ట్ర అటార్నీ జనరల్ తనంతట తానుగా ఎన్నికల నేరాల కేసులు నడపకూడదని, అది అధికార విభజనకు విరుద్ధమని 2021 డిసెంబరులో టెక్సాస్ క్రిమినల్ అప్పీళ్ళ కోర్టు 8-1తో తేల్చింది. అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్ ఊరుకోలేదు. 2024 మార్చి ప్రైమరీలో ఆ తీర్పు వైపు నిలిచిన ముగ్గురు జడ్జీలపై ప్రచారానికి దిగారు. ముగ్గురూ ఆయన పార్టీవాళ్ళే, ముగ్గురూ ఓడారు. వాళ్ళలో షారన్ కెల్లర్ తీర్పుల్లో మాకు నచ్చనివి బోలెడు. అయినా, కేసు ఓడిన కక్షిదారు జడ్జీలనే మార్పించడం మాకు మింగుడుపడదు. మెజారిటీకి కోపం తెప్పించైనా రాజ్యాంగం మాట చెప్పాల్సిన కుర్చీ అది.

కాబట్టి ఇకపై మా పద్ధతి ఇది. ఫలానా కేసులో ఎలా తీర్పిస్తారని ఏ అభ్యర్థినీ అడగం, మాటిచ్చేవాళ్ళకు ఓటెయ్యం. మనవాడు, మన ఊరివాడు అన్న లెక్క జడ్జి విషయంలో పనికిరాదు. తెలియని పోటీని ఖాళీగా వదిలేస్తాం. తాము వాదించే కోర్టు జడ్జికి లాయర్లు చందా ఇవ్వడం ఇక్కడ చట్టబద్ధమే. మాలోని లాయర్లు మాత్రం ఇవ్వరు.

ఎన్నికలకు బదులు ఇండియాలోలాగా జడ్జీలే జడ్జీలను ఎంచుకోవాలని మేం అనడం లేదు. 2015లో అక్కడి సుప్రీంకోర్టు జడ్జీల నియామకాల కమిషన్‌ను కొట్టేశాక, ఆ ఎంపిక చేసే జడ్జీల బృందం కొలీజియం తలుపులు మళ్ళీ మూసుకున్నాయి. నియమించి, తర్వాత ఉంచాలా వద్దా అని జనాన్ని అడగడమూ మందు కాదు. స్వలింగ వివాహాలకు అనుకూలంగా తీర్పిచ్చినందుకు 2010లో అయోవా ఓటర్లు ముగ్గురు జడ్జీలను అలాగే ఇంటికి పంపారు.

మేం కోరేది, బహిరంగంగా పనిచేసే కమిటీ వడపోత, దీర్ఘకాలపు ఒకే ఒక్క పదవీకాలం, మళ్ళీ పోటీ లేకపోవడం. దీనికి రాజ్యాంగ సవరణ కావాలి: ఉభయ సభల్లో మూడింట రెండు వంతులు, ఆపై జనం ఓటు. 2027 జనవరిలో శాసనసభ కూడేలోపు మా మా ప్రతినిధులను కలిసి, ఇరు పార్టీలవాళ్ళనూ ఈ మాటే అడుగుతాం.