తేదీలు కోడ్‌లో కాదు, డేటాలో ఉండాలి

కర్నూలు, కడప ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టులు అడిగి చూడండి. లైబ్రరీ మేనేజ్‌మెంట్, అటెండెన్స్ సిస్టమ్... చాలావరకు ఇవే వినిపిస్తాయి. 'ఇందులో మీరు తీసుకున్న కష్టమైన నిర్ణయం ఏది?' అని ఇంటర్వ్యూలో అడిగితే నోట మాట రాదు. ఫుట్‌బాల్ మేనేజర్ లాంటి గేములు ఆడేవాళ్లకు అంతకంటే మంచి ప్రాజెక్టు కళ్ల ముందే ఉంది. అదే ఫిక్చర్ షెడ్యూలర్: అంతర్జాతీయ మ్యాచ్‌ల విరామాలకు అడ్డం రాకుండా దేశవాళీ లీగ్‌ను క్యాలెండర్‌లో అమర్చడం.

లెక్క చూడండి. 20 జట్లు ఒకదానితో ఒకటి రెండేసిసార్లు ఆడితే 38 రౌండ్లు, 380 మ్యాచ్‌లు. ఇంగ్లాండ్ ప్రీమియర్ లీగ్ 2025-26 సీజన్‌కు 2025 ఆగస్టు 15 నుంచి 2026 మే 24 వరకు గడువు. ఆ మధ్యలో వచ్చే వారాంతాలు 41. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, మార్చి ఫిఫా విండోలకు నాలుగు పోతే మిగిలేవి 37. కప్పు పోటీలను లెక్కలోకి తీసుకోకముందే ఒక రౌండ్‌కు చోటు లేదు! అందుకే కొన్ని రౌండ్లు వారం మధ్యలో ఆడించక తప్పదు.

ఎవరితో ఎవరు ఆడాలన్నది తేలికే. ఒక జట్టును కదపకుండా ఉంచి మిగతావాటిని గుండ్రంగా తిప్పితే జతలు వచ్చేస్తాయి. ఎప్పుడు ఆడాలన్నదే అసలు చిక్కు.

ఆ చిక్కు తేలకపోతే ఏమవుతుందో మన దేశమే చూసింది. ఫిఫా విండోలో జాతీయ జట్టు పిలిస్తే క్లబ్ ఆటగాణ్ని పంపాల్సిందే. విండో బయట ఆ బాధ్యత లేదు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడలు విండో బయట పడ్డాయి. సెప్టెంబరు 21న ఐఎస్ఎల్ మొదలు. క్లబ్బులు ముఖ్యమైన ఆటగాళ్లను వదల్లేదు. దొరికినవాళ్లతో వెళ్లిన జట్టు మ్యాచ్‌కు ముందు రోజే చైనా చేరి, 19న ఆతిథ్య జట్టు చేతిలో 1-5తో ఓడింది. రెండు క్యాలెండర్లు మాట్లాడుకోకపోతే నష్టపోయేది ఆటగాడే.

ఇప్పుడు అసలు పాఠం. 2026 నుంచి ఫిఫా సెప్టెంబరు, అక్టోబరు విండోలను కలిపి 16 రోజుల ఒకే విండో చేసింది. ఆ ఏడాది అది సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 6 వరకు. 'సెప్టెంబరు మొదటి వారం సెలవు' అని కోడ్‌లోనే రాసేసిన షెడ్యూలర్ ఆ వారాన్ని ఖాళీగా వదిలి, అసలు విండోలో మ్యాచ్‌లు పెడుతుంది. ఇది మనకు కొత్తేం కాదు. విజయదశమి 2025లో అక్టోబరు 2, 2026లో అక్టోబరు 20. దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవానికి పోలీసు బందోబస్తు అంతా అటే వెళ్తుంది. కర్నూలులో లీగ్ పెట్టేవాళ్లు ఆ తేదీని ఏటా కొత్తగా చూసుకోవాల్సిందే.

కాబట్టి షరతులను రెండు కుప్పలు చేయండి. విండోలో మ్యాచ్ వద్దు, ఒకే రోజు ఒక జట్టుకు రెండు మ్యాచ్‌లు వద్దు, మన ఎండల్లో మే నెల మధ్యాహ్నం ఆట వద్దు: ఇవి తప్పనిసరి. వరుసగా మూడు బయటి మ్యాచ్‌లు రాకుండా చూడటం వీలైతేనే. తేదీలన్నీ విడి ఫైల్లో పెట్టండి. పైథాన్, గూగుల్ ఉచితంగా ఇచ్చే ఓఆర్-టూల్స్ చాలు. మొదట 6 జట్లతో మొదలుపెట్టండి.

ఆటల ప్రాజెక్టు అంటే గైడ్ సార్ ఒప్పుకోరేమో అని వెనక్కి తగ్గొద్దు. పరీక్షల టైమ్‌టేబుల్, ఆర్టీసీ డ్యూటీ చార్ట్, ఆస్పత్రి నర్సుల షిఫ్టులు... అన్నింటి వెనకా ఉన్నది ఇదే సమస్య. అదే మాట సార్‌కు చెప్పండి, ఇంటర్వ్యూలోనూ చెప్పండి.

పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి ఒకే పరీక్ష. 2025 విండోల ఫైలు తీసి 2026ది పెట్టండి. కోడ్‌లో ఒక్క లైను కూడా ముట్టుకోకుండా కొత్త షెడ్యూలు వస్తే, దాన్ని ధైర్యంగా రెజ్యూమెలో రాసుకోవచ్చు.