‘పుట్ మై ఫుట్ డౌన్’ అనే ముందు

ఆఫీసు మెయిళ్ళలో మనవాళ్ళకి మహా మోజున్న మాట ఇది. కానీ రాసేటప్పుడు ఆ పాదం తరచూ తప్పుచోట పడుతూ ఉంటుంది.

ముందు వ్యాకరణం. ఒక మనిషి గురించైతే ‘ఫుట్’ అనే రాయాలి, ‘ఫీట్’ కాదు. జరిగిపోయినదాని గురించి చెప్పినా ‘పుట్’ అలాగే ఉంటుంది. ‘డౌన్’ బదులు ‘ఇన్ మై మౌత్’ అన్నారో, నోరు జారానని ఒప్పుకున్నట్టే! బ్రిటన్‌లో కారు నడిపేవాడితో అంటే యాక్సిలరేటర్ తొక్కమని కూడా అర్థం.

ఇక అసలు సంగతి. ‘ఈ బగ్ మా మాడ్యూల్‌ది కాదు’ అని గట్టిగా వాదించడం బల్లగుద్ది చెప్పడం. ఈ మాట దానికి పనికిరాదు. ‘ఇది జరగడానికి నేను ఒప్పుకోను’ అని ససేమిరా అనడానికే ఇది. అంటే ఒప్పుకోవడం, మానడం మన చేతిలో ఉండాలన్నమాట.

అమెరికాలో 1986 జనవరి 27 రాత్రి ఏం జరిగిందో చూడండి. మర్నాడు ఛాలెంజర్ షటిల్ ఎగరాలి. చలికి రాకెట్‌లోని రబ్బరు ఓ-రింగులు సరిగా పనిచేయవేమోనని, దాన్ని తయారుచేసిన థియోకాల్ ఇంజినీర్లు అభ్యంతరం చెప్పారు. మొదట వాళ్ళతో ఏకీభవించిన మేనేజర్లు తర్వాత మాట మార్చారు. కంపెనీ తరఫున ఫ్లోరిడాలో ఉన్న అలన్ మెక్‌డొనాల్డ్ మాత్రం ప్రయోగానికి సరేనంటూ సంతకం పెట్టనన్నాడు. పైవాడు పెట్టాడు. 28న ఎగిరిన 73 సెకన్లకి షటిల్ ముక్కలై ఏడుగురూ పోయారు.

ప్రయోగం ఆపడం మెక్‌డొనాల్డ్ చేతిలో లేదు. సంతకం ఉంది. పాదం మోపింది అక్కడే. ‘హీ పుట్ హిజ్ ఫుట్ డౌన్’ అని అతని గురించి నిక్షేపంగా రాయొచ్చు.

గమనించారా, ఈ మాట మనగురించి ఇంకొకరు చెబితేనే అందం. క్లయింటుకి మనమే రాసుకుంటే, చిన్నపిల్లాణ్ణి అదిలించినట్టుంటుంది. దానికంటే ‘ఈ టెస్టులు పూర్తికాకుండా రిలీజుకి నేను సరే అనలేను, కారణం ఇదీ, బుధవారానికైతే ఇవ్వగలం’ అని రాస్తే చాలు. అందులో కాలూ లేదు, చెయ్యీ లేదు. కానీ మీరెక్కడ నిలబడ్డారో చదివినవాడికి తెలిసిపోతుంది.

‘ఐ విల్ ట్రై’ అని రాసేసి, శని ఆదివారాలు ఆఫీసులో కూర్చుని తిట్టుకునే కన్నా ఇది నయం కాదూ?