సక్కర్‌కి పేరేది?

పోయిన ఆదివారం పొద్దున ఏడింటికి జగ్గయ్యపేట నుంచి అక్క ఫోన్. శనివారం రాత్రి రిలీజ్ అయ్యేసరికి మూడయింది. ఆ టైమ్‌లో ఫోన్ మోగితే ఎవరికో ఏదో అయిందనే అనుకుంటాం కదా. కంగారుగా ఎత్తాను.

"ఏరా, చేపలకి మంచి పేర్లు చెప్పు."

అంతే విషయం. మా బావ కూతురి పుట్టినరోజుకి రెండడుగుల ట్యాంకు కొన్నాడు. అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు, మూడు మోలీలు. పక్కన చిన్న ట్యాంకులో ఒక్కడే ఫైటర్. ఫైటర్ని అందరితో కలిపి ఉంచకూడదని షాపతనే చెప్పాడట, మంచోడు. మా మేనకోడలు రెండో తరగతి. రాత్రంతా ఆలోచించి ఐదు పేర్లు రాసుకుంది: నెమో, డోరీ, స్వీటీ, బుజ్జి, బుజ్జి టూ. అక్కకి నచ్చలేదు. "ఊళ్లో ప్రతి చేపా నెమోనేరా. నీది కంప్యూటర్ బుర్ర కదా, ఏదన్నా కొత్తగా చెప్పు" అంది.

కంప్యూటర్ బుర్రలకి పేర్లు పెట్టడం వస్తుందని ఎవరన్నారో తెలీదు. మా ఫీల్డ్‌లో అన్నిటికంటే కష్టమైన పని పేర్లు పెట్టడమేనని ఒక పాత జోక్ ఉంది. అది జోక్ కూడా కాదు, నిజం. నా కోడ్ తెరిచి చూస్తే టెంప్, టెంప్ టూ, ఫైనల్, ఫైనల్ న్యూ అనే పేర్లే కనిపిస్తాయి. బుజ్జి టూ అని పెట్టిన పిల్ల కచ్చితంగా మా వంశమే.

సరే, అడిగారు కాబట్టి కాస్త చదివాను. తెలిసిందేంటంటే, చేపల పేర్ల వెనక మనం ఊహించని మనుషులున్నారు. గప్పీ అంటే ముద్దుపేరు అనుకుంటాం కదా. అది ట్రినిడాడ్‌లో ఉండే రాబర్ట్ జాన్ లెచ్‌మీర్ గప్పీ అనే ఆయన ఇంటిపేరు. ఆయన లండన్ బ్రిటిష్ మ్యూజియానికి కొన్ని చేపల్ని పంపితే, 1866లో అక్కడి శాస్త్రవేత్త గుంతర్ వాటికి ఈయన పేరు తగిలించాడు. తీరా చూస్తే అదే చేపకి ఏడేళ్ల ముందే ఇంకొకాయన పేరు పెట్టేశాడు. శాస్త్రంలో గప్పీ పేరు కొట్టేశారు కానీ జనం నోట్లో అదే మిగిలింది. మోలీ ఇంకా తమాషా. అది అమ్మాయి పేరు కాదు. నెపోలియన్ దగ్గర ఖజానా చూసిన మోలియన్ అనే ఫ్రెంచి మంత్రి పేరు అరిగి అరిగి మోలీ అయింది. మా అక్కావాళ్ల హాల్లో మూడు నల్ల ఆర్థిక మంత్రులు తిరుగుతున్నారన్నమాట. వాటికి మా ఊరు బాగానే పడింది. మాది సున్నపురాయి నేల, బోరు నీళ్లు గట్టిగా ఉంటాయి, మోలీలకి అలాంటి నీళ్లే ఇష్టం. మన జుట్టు ఊడిపోయే నీళ్లలో అవి హాయిగా ఉంటాయి.

మన తెలుగు చేపల పేర్లు మాత్రం ఎవరి ఇంటిపేర్లూ కావు. శీలావతి, బంగారు తీగ, బొమ్మిడాయి, మట్టగిడస, వాలుగ, కొరమీను. ఒక్కసారి పైకి చదివి చూడండి. శీలావతి అని ఎంత గౌరవంగా పిలుస్తామో, అంత గౌరవంగానే పులుసు పెట్టేసుకుంటాం. ఇవన్నీ జాతుల పేర్లే. ఇంట్లో తిరిగే ఒక్క చేపకి విడిగా పేరు పెట్టడం మన పెద్దవాళ్లకి అలవాటు లేదు. మా అమ్మనడిగితే "కూరకి పేరుంటది కానీ చేపకి పేరేందిరా" అంది.

అమ్మ మాటలో పాయింట్ ఉంది. రెండేళ్ల కిందట ఒక ఆదివారం బావ మార్కెట్ నుంచి బతికున్న కొరమీను బకెట్లో తెచ్చాడు. కొరమీను పైనుంచి గాలి కూడా పీల్చుకుంటుంది కాబట్టి కాసిని నీళ్లలోనే గంటలకొద్దీ బతుకుతుంది. ఆ గంటలే కొంప ముంచాయి. అక్క మసాలా నూరేలోపు మేనకోడలు బకెట్ పక్కన కూచుని దానికి నల్లోడు అని పేరు పెట్టేసింది. పేరు పెట్టకముందు అది ముప్పావు కిలో. పెట్టాక ఇంట్లో మనిషి. కత్తిపీట తీస్తే ఏడుపు, మూత పెడితే ఏడుపు. చివరికి బావ ఆ బకెట్‌ని బండి మీద పెట్టుకుని వెళ్లి చెరువులో వదిలేసి వచ్చాడు. ఆ మధ్యాహ్నం బంగాళాదుంప వేపుడు. బావ ఇప్పటికీ ఆ మసాలా గురించి మాట్లాడతాడు.

ఇక అక్కకి నేనిచ్చిన సలహాలు. మొదటిది, కొన్న రోజే పేరు పెట్టకండి. ఒక వారం చూడండి. ఏది మేత దగ్గరికి ముందొస్తుంది, ఏది మూల దాక్కుంటుంది, ఏది పక్కదాన్ని తరుముతుంది. పేరు అక్కడి నుంచి రావాలి. ఒక గోల్డ్‌ఫిష్ ఎప్పుడూ నోరు తెరిచి పైకే చూస్తుందట. దానికి 'ఆకలేస్తుందమ్మా' అని పేరు పడింది, పూర్తి పేరు అదే. రెండోది గాజులో తన నీడని తనే చూసుకుంటూ ఉంటుంది, దాని పేరు 'సెల్ఫీ'. మోలీలు మూడూ ఒకేలా ఉన్నాయి కాబట్టి విడివిడి పేర్లు దండగ. నెల తిరిగేసరికి పిల్లలు పెడతాయి, అప్పుడు హాజరు పట్టీ రాసుకోవాలి. వాటిని మొత్తం కలిపి 'కేబినెట్' అన్నాం.

ఫైటర్ దగ్గర మాత్రం నాకు నిజంగానే మంచి ఐడియా వచ్చింది. కృష్ణా జిల్లాలో పుట్టి పేర్ల కోసం ఇంగ్లిష్ వెబ్‌సైట్లు వెతకడమేంటి? మన దగ్గర సంక్రాంతి పుంజులకి ఈకల రంగుని బట్టి పేర్లున్నాయి. ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ, రెక్కల మీదో వీపు మీదో పసుపు ఈకలున్నది నెమలి. ఫైటర్ కూడా అచ్చం పుంజే. రెక్కలు విప్పుతుంది, మెడ ఉబ్బిస్తుంది, అద్దంలో తన బొమ్మ మీదికే పోతుంది. దాని సొంతూరు థాయ్‌లాండ్ వైపు, 2019లో ఆ దేశం దాన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. మావాడు ముదురు ఎరుపు. కాబట్టి డేగ. పేర్లు మాత్రమే తీసుకున్నాం, పందెం కాదు. ఇంకో ఫైటర్ని పక్కన వేసి చూద్దామనే సరదా ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి.

పిలిస్తే పలుకుతాయా అని మేనకోడలు అడిగింది. కుక్కలాగా పరిగెత్తుకు రావు. కానీ గోల్డ్‌ఫిష్‌కి మూడు సెకన్ల జ్ఞాపకం అనే మాట ఒట్టి పుకారు. నెలల తరబడి గుర్తుంచుకుంటాయని ప్రయోగాల్లో తేలింది. 2016లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఆర్చర్ ఫిష్‌కి మనుషుల ముఖాలు వేరుచేసి గుర్తుపట్టడం నేర్పించారు కూడా. గోల్డ్‌ఫిష్‌కి చెవులు పైకి కనపడవు కానీ వినపడుతుంది, దాని కడుపులోని గాలితిత్తికీ లోపలి చెవికీ మధ్య సన్నని ఎముకల వరస ఉంటుంది. అందుకే గాజు మీద వేలితో టకటకా కొట్టకండి, లోపల అది డప్పే. రోజూ ఒకే టైమ్‌కి పిలిచి మేత వేస్తే, పేరు తెలియకపోయినా పిలిచే మనిషి తెలుస్తాడు.

ఇక్కడిదాకా కబుర్లు బాగానే నడిచాయి. అప్పుడు అక్క అంది: "ఇంకోటుందిరా. షాపతను ఊరికే ఇచ్చాడు. గాజు క్లీన్ చేస్తుందంట. సక్కర్. దానికి పేరెందుకులే."

ఆ మాట విన్నాక నాకు నిద్ర పూర్తిగా పోయింది. ఎందుకో చెప్పాలంటే బీటెక్ థర్డ్ ఇయర్‌కి వెళ్లాలి.

అప్పుడు నందిగామలో నలుగురం రూమ్ తీసుకుని ఉండేవాళ్లం. సెకండ్ హ్యాండ్‌లో ట్యాంకు కొన్నాం. ఐదు చేపలకీ ఐదుగురు లెక్చరర్ల పేర్లు పెట్టాం, ఏ చేపకి ఎవరి పేరో ఇప్పటికీ చెప్పను. ఆరోది సక్కర్. దానికి పేరు పెట్టలేదు. వేలెడంత ఉండేది, గాజుకి అతుక్కుని పాచి గీక్కుని తినేది. మాకది చేప కాదు, చీపురు. కోడ్‌లో టెంప్ అని రాసి తర్వాత తీసేద్దామనుకునే వేరియబుల్ లాంటిది. ఆ వేరియబుల్స్ ఎప్పటికీ పోవని అందరికీ తెలుసు కదా. రెండేళ్లలో లెక్చరర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, మిగిలిన ఇద్దర్నీ ఇంటి ఓనర్ గారి అబ్బాయికి ఇచ్చేశాం. సక్కర్ మాత్రం మూరెడైంది. ఒళ్లంతా ముళ్ల కవచం, ట్యాంకులో తిరగడానికి కూడా చోటు లేదు. రూమ్ ఖాళీ చేసే రోజు దాన్ని ఎవరూ తీసుకోలేదు. చంపడానికి మనసొప్పలేదు. బకెట్లో వేసుకుని కీసర దగ్గర మున్నేట్లో వదిలాం. వదిలి దణ్ణం కూడా పెట్టుకున్నాం. పుణ్యం చేశామనుకుని హైవే మీద టీ తాగి రూమ్‌కి వచ్చాం.

నాలుగేళ్ల తర్వాత పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి గుడికి అమ్మని తీసుకెళ్లినప్పుడు ఏటి ఒడ్డున ఒకాయన వల సరిచేసుకుంటూ కనిపించాడు. పక్కన ఇసుకలో నల్లగా, చారలతో ఒక చేప. చూడగానే గుర్తుపట్టాను.

"ఇదేం చేప బాబాయ్?"

"చేపేంది బాబూ, దెయ్యం. ముళ్లకి చిక్కితే వల చింపందే రాదు. తినే దిక్కు లేదు. ఒడ్డున పడేసినా ఓ పట్టాన చావదు."

మన జిల్లాలో చేపల చెరువుల వాళ్లు కూడా దాన్ని దెయ్యం చేప అనే అంటారు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్వేరియాల కోసం ప్రపంచమంతా తిప్పారు, పెద్దదయ్యాక మాలాంటి పుణ్యాత్ములు వదిలేశారు. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, గట్లు జారతాయి. మన చేపలు తినే పాచీ, అడుగున ఉండే మేతా అదే తినేస్తుంది, వాటి గుడ్లు దొరికినా వదలదు. ఆ ముళ్ల కవచం వల్ల దాన్ని తినే జీవి మన ఏళ్లలో పెద్దగా లేదు. మెక్సికోలో ఇన్ఫియర్నీయో అనే పెద్ద రిజర్వాయర్‌లో ఇది నిండిపోయి చేపల వేటే దెబ్బతింది. అక్కడి జనం దాన్నేమంటారో తెలుసా? పెస్ డియాబ్లో. దెయ్యం చేపే! స్పానిష్ మాట్లాడే జాలరీ మన జాలరీ ఒకరికొకరు తెలీకుండానే ఒకే పేరు పెట్టారు. వాళ్లకి కుదిరినంత బాగా నాకే పేరూ ఎప్పుడూ కుదరలేదు.

ఆ ఒడ్డున పడున్నది మేం వదిలిందే అని నేననను. వదిలినవాళ్లం మేమొక్కళ్లమే కాదు, 2023 జులైలో ఐతవరం దగ్గర మున్నేరు హైవే ఎక్కినప్పుడు ఏ చెరువు చేప ఏ ఏట్లోకి పోయిందో ఎవరు చెప్తారు. కానీ ఆయన వల చేతిలో పట్టుకుని దారం ముడేస్తుంటే, నేను ఏమీ తెలియనట్టు నిలబడ్డాను. "ఇలాంటిది ఒకటి నేనే వదిలాను బాబాయ్" అని అనలేకపోయాను. అమ్మ పిలిచింది, వెళ్లిపోయాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మొన్న అక్కకి చెప్పాను, ఇప్పుడు మీకు.

మేం ఐదుగురు లెక్చరర్లకీ దిక్కు చూశాం. పేరున్న దేన్నీ ఏట్లో వెయ్యాలని మాకు తట్టలేదు. నల్లోడు చెరువుకే వెళ్లాడు, నిజమే. కానీ కొరమీను మన చెరువుల చేప, సరిహద్దు దాటితే తెలంగాణకి రాష్ట్ర చేప కూడా. వాడు వెళ్లింది సొంతింటికి. సక్కర్ వెళ్లింది ఇంకొకళ్ల ఇంటికి.

కాబట్టి అక్కకి చెప్పింది మీకూ చెప్తున్నాను. గాజు తుడవడానికి సక్కర్ అక్కర్లేదు, అయస్కాంతం బ్రష్‌లు దొరుకుతాయి. ఇప్పటికే ఉంటే, అది అడుగున్నర దాకా పెరుగుతుందని, పదేళ్ల పైనే బతుకుతుందని ముందే తెలుసుకోండి. పెంచలేకపోతే షాపుకి తిరిగివ్వండి, పెద్ద ట్యాంకున్న వాళ్లని వెతకండి. ఏరు, చెరువు, కాలవ, ఆఖరికి ఇంటి వెనక బావి, ఎక్కడా వదలకండి. గోల్డ్‌ఫిష్‌కైనా ఇదే మాట.

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావురా?" అంది అక్క.

"ముందు దానికి పేరు పెట్టండి" అన్నాను.

ఫోన్ మేనకోడలి చేతికి వెళ్లింది. దాని గురించి అప్పటికే చాలా గమనించిందట. పగలంతా గోడకి అతుక్కుని కదలదట. రాత్రి అందరూ పడుకున్నాక లేచి పని చేస్తుందట. పిలిస్తే పలకదట. మేత వేస్తే మాత్రం వస్తుందట.

"ఏం పేరు పెడదాం చెప్పు?" అన్నాను.

"పెట్టేశాగా. మావయ్య."

నిన్న అక్క ఫొటో పంపింది. ట్యాంకు మీద స్కెచ్ పెన్నుతో రాసిన లిస్టు: ఆకలేస్తుందమ్మా, సెల్ఫీ, కేబినెట్, మావయ్య. చిన్న ట్యాంకు మీద డేగ. కింద బావ మెసేజ్: "మావయ్యకి వచ్చే ఏడాదికి నాలుగడుగుల ట్యాంకు కావాలంట. ఖర్చు నీదే."